మా రోజుల్లో అయ్యగారు సోమవారం దొరికేవారు కాదు

అయ్యగారికేముంది, వారానికి ఒక్కరోజు పని అని మా కాలంలో ఊళ్ళో అనుకునేవాళ్ళు. మేము వినీ విననట్టు ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు అలా అనేవాడు ఒక్కడూ లేడు నాయనా. ఏడు రోజులూ నువ్వేం చేస్తున్నావో సంఘమంతా ఫోనులో చూస్తూనే ఉంది. పొద్దున ఐదింటికి గ్రూపులో వాగ్దానం పెట్టావు. ఆరింటికి ప్రార్థన లైవ్. తొమ్మిదింటికి ఎవరి పాపకో పుట్టినరోజు దీవెన, అదీ వీడియోలో. మధ్యాహ్నం గృహప్రతిష్ఠ, సాయంత్రం కుటుంబ కూటం. రాత్రి పదకొండింటికి “అర్జంటు ప్రార్థన మనవి అయ్యగారూ” అని ఎవరో పంపితే దానికి చేతులు జోడించిన బొమ్మొకటి. ఆ బొమ్మ పెట్టాకైనా పడుకుంటావా అంటే అదీ లేదు, ఆదివారం చెప్పిన వాక్యాన్ని ఎంతమంది చూశారో లెక్క చూసుకుంటావు. ఆనక నలభై ఏళ్ళు నిండకుండానే మాలాంటి ముసలివాళ్ళ దగ్గరికొచ్చి “పెద్దయ్యగారూ, బర్నౌట్ అయిపోయానండీ, మోకరిస్తే మాట రావట్లేదు” అంటావు. బర్నౌట్ రాకేం చేస్తుంది?

నిన్ను తిట్టడానికే కూర్చున్నాను. తిట్ల మధ్యలో పనికొచ్చే మాటలు కూడా పడతాయి, ఏరుకో. నువ్వు అబద్ధమాడుతున్నావని మాత్రం అనను. సేవలో ఉన్నవాడికి ప్రార్థన రాకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడతాయి, మాట లోపలికి దిగదు. చావింటికి వెళితే నోరు ఓదార్పు చెబుతూ ఉంటుంది, మనసు గడియారం వైపు చూస్తూ ఉంటుంది. తలుపు చప్పుడైతే ‘మళ్ళీ ఎవరు’ అని విసుగు పుడుతుంది. సంఘానికి ప్రాణం పెట్టినవాడికే ఇది వస్తుంది, మొక్కుబడిగా చేసేవాడి దరికి రాదు. 1974లో ఈ బర్నౌట్ గురించి రాసిన ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా, న్యూయార్కులో ఒక ఉచిత వైద్యశాలలో మత్తుమందుల బారిన పడ్డవాళ్ళకు సేవచేసే మనుషుల్ని చూసే రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, చేసే పని మీద విరక్తి, నావల్ల ఏమీ కావడం లేదన్న దిగులు. పనిలో ఒత్తిడి తీరకుండా పేరుకుపోతే వస్తుందంది. విశ్వాసం తక్కువైతే వస్తుందని అనలేదు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, సెమినార్లకు వెళ్ళి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నావు. తెలిసీ మారవు, అదే నా కోపం.

మా రోజుల్లో దూరమే మాకు విశ్రాంతి. మాది పల్నాటి పారిష్. ఒక్కో పాస్టరు కింద కొన్ని ఊళ్ళు, ఊరికీ ఊరికీ మధ్య మైళ్ళు. ఉన్నది సైకిలు, అది పంక్చరైతే కాళ్ళు. వెనక క్యారేజీ మీద బల్ల సామాను పెట్టిన చెక్కపెట్టె, హ్యాండిలుకి తెల్లంగీ మడిచిపెట్టిన సంచీ. సాగర్ కుడికాలువ కట్ట ఎక్కానంటే ఒకపక్క నీళ్ళు, ఒకపక్క మిరపచేలు. నడి మధ్యాహ్నం మనిషి జాడ ఉండేది కాదు. అంతసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేదు. ఒక ఊళ్ళో పసిపిల్లను పాతిపెట్టి ఇంకో ఊళ్ళో పెళ్ళి చేయాల్సిన రోజులు కూడా ఉండేవి. ఆ ఏడుపేదో కట్ట మీదే ఏడ్చి, కాలవలో మొహం కడుక్కుని, పెళ్ళివారింటికి పెళ్ళికొచ్చిన మనిషిలా వెళ్ళేవాణ్ణి. దారిలో ఎవరో ఒక చేలోంచి ఆడమనిషి “అయ్యగారూ, మజ్జిగ తాగి పొండి” అని పిలిచేది. ఆ ముంత మజ్జిగ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది, ఈ పొట్లాల మజ్జిగలో ఉప్పు తప్ప ఏముంది చెప్పు.

ఏదో చెబుతూ ఎటో పోయాను. నీ సంగతి చూద్దాం. నీకు బండి ఉంది, పావుగంటలో ఊరు. ఆ పావుగంట కూడా చెవిలో ఏదో పెట్టుకుని ఇంకొకరి కష్టం వింటూ వెళతావు. సమాధుల దొడ్డిలోంచి నేరుగా కేకు కోసే చోటికి, అక్కడి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి స్టేజీ మీదికి. మనిషి గుండె అంత తొందరగా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి రాదు నాయనా, దానికి నడిచే టైము ఇవ్వాలి. బండి అమ్మేయమని నేను అనడం లేదు. చావింటి నుంచి బయటికొచ్చాక ఊరి చివర చెట్టు కింద కాసేపు ఆపమంటున్నాను. ఎవరైనా చూసి అయ్యగారు ఊరికే కూర్చున్నాడు అనుకుంటే అనుకోనీ.

ప్రసంగం సంగతి చెబితే నీకు నవ్వొస్తుంది. ఒక్క ప్రసంగం తయారుచేసుకుని నా ఊళ్ళన్నిట్లో అదే చెప్పేవాణ్ణి. మొదటి ఊళ్ళో తడబడేది. రెండో ఊళ్ళో కాస్త కుదురుకునేది. ఆఖరి ఊరు చేరేసరికి అందులో నాకంటే జనం మాటలే ఎక్కువుండేవి. తప్పిపోయిన కుమారుడి మీద చెబుతూ తిరుగుతుంటే ఒక ఊళ్ళో ముసలమ్మ లేచి, “అయ్యా, తండ్రి సంగతి చెప్పావు, ఆ పిల్లోడి తల్లి ఏమైందయ్యా?” అని అడిగింది. లూథర్‌గిరి సెమినరీలో మాకు పాఠం చెప్పిన పండితులు ఎవరూ అడగని ప్రశ్న అది. జవాబు నాకు తోచలేదు. కానీ తర్వాత ఏ ఊళ్ళో ఆ ప్రసంగం చెప్పినా ఆ తల్లిని కూడా గుమ్మంలో నిలబెట్టే చెప్పాను, కొడుకులు పొలం కోసం విడిపోయిన తల్లులు వెనక వరసలో కళ్ళొత్తుకునేవాళ్ళు. ప్రసంగం అలా తిరిగి తిరిగి పండేది, నాకు శ్రమ తగ్గేది, జనానికి మేలు జరిగేది.

నీకా అదృష్టం లేదు. నువ్వు ఆదివారం నోరు తెరిచి చెప్పింది సోమవారానికి పాతబడిపోతుంది. రెండోసారి చెబితే “ఇది పోయిన ఏడాది విన్నామండీ, లింకు కూడా ఉంది” అంటారు. పైగా నీ సంఘస్తుడు గుడికి రాకముందే ముగ్గురు పేరున్న బోధకుల్ని యూట్యూబులో విని వస్తాడు. వాళ్ళకు కెమెరామనిషి, పాటల బృందం, రాసిపెట్టేవాళ్ళు ఉంటారు. నీకు శనివారం అర్ధరాత్రి ఒక లాప్‌టాప్, వంటింట్లో చల్లారిపోయిన కాఫీ. వాళ్ళతో పోటీపడి నువ్వు గొంతు చించుకుంటావు, చించుకున్నది చాలక దానికి ఎకో పెట్టిస్తావు. మా గుళ్ళో మైకే లేదు. వెనక వరస వాళ్ళకు వినపడాలంటే నిదానంగా చెప్పాలి, నిదానంగా చెబితే చెప్పేవాడికీ ఊపిరి అందేది. మీ సంఘంలో ఎవరికి జబ్బు చేసింది, ఎవరి పిల్ల ఇంజినీరింగు ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చుంది అన్నది ఆ పెద్ద బోధకుడికి తెలియదు, నీకు తెలుసు. ఆ తెలిసిన దానిలోంచి ఇరవై నిమిషాలు చెప్పు చాలు. చెప్పిందే చెప్పు. మోషే ద్వితీయోపదేశకాండమంతా చెప్పిందే కదా చెప్పాడు!

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది నీ ఒంటరితనం చూసి. మా రోజుల్లో పాస్టరు ఒక్కడే పనిచేసేవాడు కాదు. ఊరికో ఉపదేశి ఉండేవాడు, పగలు బడిపిల్లలకు అఆలు, రాత్రి లాంతరు కింద పెద్దలకు ప్రార్థన. బైబిల్ ఉమన్ అమ్మగారు ఉండేది. మగవాడు గడప తొక్కలేని ఇళ్ళల్లోకి వెళ్ళి, చెప్పుకోలేని బాధలు విని, వాటిలో నాకు చెప్పదగినవి చెప్పి మిగతావి తన కడుపులో పెట్టుకునేది. సంఘ పెద్దలు ఉండేవాళ్ళు, అన్నదమ్ముల తగాదా వస్తే నా దాకా రాకుండా వేపచెట్టు కిందే తేల్చేసేవాళ్ళు. గంట కొట్టడానికి ఒకడు, దీపాలు తుడవడానికి ఒకడు, కీర్తన ఎత్తుకోవడానికి ఒక గుడ్డి పెద్దాయన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆయన చూడలేదు, అవసరమూ రాలేదు. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి కుండలో వేసి ఆదివారం తెచ్చేవాళ్ళు. సొరకాయ తెచ్చేవాళ్ళు, కోడిపుంజును తెచ్చేవాళ్ళు, ఆరాధన అయ్యాక గుడి ముందు వేలం. నా కూడు వాళ్ళందరి పొయ్యి మీది నుంచే వస్తోందని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు గోడకు క్యూఆర్ కోడు అంటించావు. డబ్బులు వస్తున్నాయి సరే, ఎవరు తెచ్చారో మొహం చూసే వీలు పోయింది.

నువ్వేమో వాక్యం నువ్వే, లెక్కలు నువ్వే, మైకు తీగలు నువ్వే, వ్యాను డ్రైవరు నువ్వే. పాటలు మీ అమ్మగారు, కీబోర్డు మీ అబ్బాయి. సంఘాన్ని స్థాపించింది నువ్వు, అధ్యక్షుడివి నువ్వు, ప్రహరీ గోడకు సిమెంటు బస్తాలు దింపించేది నువ్వు. పైన బిషపు లేడు, సినడు లేదు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదని మొదట్లో బాగానే ఉంటుంది. కష్టం చెప్పుకుందామంటే కూడా ఎవరూ లేరని తర్వాత తెలుస్తుంది. పనులు పంచవయ్యా అంటే, “వాళ్ళు సరిగ్గా చేయరండీ” అంటావు. చేయరు. మొదట్లో చేయరు. మా ఉపదేశి ప్రార్థన మొదలుపెడితే అబ్రాహాము దగ్గర మొదలై ఆమెన్ చేరేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు. అయినా ఆ ఊరి సంఘం నిలబడింది, ఇప్పటికీ నిలబడే ఉంది.

ఒంగోలు కథ నీకు తెలియందేం కాదు, కానీ అందులో నువ్వు చూడాల్సింది చూడలేదు. 1876లో మొదలైన కరువులో జనం మాడిపోతుంటే అక్కడి మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపడం కూడా సేవేనని ఆయనకు తెలుసు. ఆ తర్వాత 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, జూలై 3 ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మాలు. ముందు రోజు 614 మంది, మరుసటి రోజు 700 మంది. నీలాంటివాళ్ళు అంకె దగ్గర ఆగిపోయి ఆహా అంటారు. ఆ పని ఎలా నడిచిందో చూడు. తెలుగు బోధకులు ఆరుగురు. నీళ్ళల్లో ఒకసారికి ఇద్దరు. వాళ్ళు అలిసిపోతే బయటికి, ఇంకో ఇద్దరు లోపలికి. మధ్యాహ్నం పని ఆపి విశ్రాంతి, మళ్ళీ సాయంత్రం దాకా. అంతటి రోజున కూడా మధ్యాహ్నం ఆపారయ్యా! నువ్వు ముప్పై మంది ఉన్న కూటానికి మధ్యాహ్నం భోజనం మానేసి పరుగెడతావు.

దోర్నకల్ అజరయ్యగారి సంగతీ అంతే. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు, మన తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు. ఎద్దుబండిలో ఊరూరా తిరిగాడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆ పని మానలేదు. అంత పెద్ద అధ్యక్ష మండలం ఒక్కడి భుజాల మీద ఎలా నిలిచిందని అడిగితే, నిలవలేదు అన్నదే జవాబు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి మీదా సువార్త భారం ఉందని నేర్పాడు, గ్రామోపాధ్యాయుల్ని తయారుచేశాడు, పేదపల్లెల్లోంచి వచ్చినవాళ్ళను గురువులుగా నిలబెట్టాడు. ఇదేదో ఆయన కనిపెట్టిన కిటుకు కాదు. నిర్గమకాండం 18 తీసి చూడు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఇది మంచి పద్ధతి కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని మొహం మీదే చెప్పాడు. వెయ్యిమందికి ఒకణ్ణి, వందకు ఒకణ్ణి, యాభైకి, పదికి ఒకణ్ణి పెట్టించాడు. దేవుడితో ముఖాముఖి మాట్లాడినవాడు మామ మాట విన్నాడు. మీ మామగారు అదే మాట చెబితే “ఆయనకు సేవ గురించి ఏం తెలుసండీ” అంటావు.

ట్రాన్స్‌ఫర్లంటే మేము ఎంత తిట్టుకునేవాళ్ళమో! పిల్లల బడి మారాలి, గేదెను అమ్మాలి, వేసుకున్న పందిరి వదిలేసి పోవాలి. ఇప్పుడు వెనక్కి చూస్తే అది మందని తెలుస్తోంది. ఒక ఊళ్ళో తగాదాలు నా మెడకు చుట్టుకునే సమయానికి పైవాళ్ళు నన్ను లేపి ఇంకో ఊళ్ళో కూర్చోబెట్టేవాళ్ళు. నా తర్వాత వచ్చినవాడు కొత్త కళ్ళతో చూసేవాడు, నేను తేల్చలేనిది అతను తేల్చేవాడు. సంఘం నాది కాదన్న సంగతి ప్రతి ట్రాన్స్‌ఫరూ నాకు గుర్తుచేసేది. నువ్వు స్థలం కొన్న చోటే, స్లాబు వేసిన చోటే ఉండిపోయావు. ఆ గోడ బీటలిస్తే నీ గుండె బీటలిస్తుంది.

మిషనరీ దొరలకు ఇంకా కట్టుదిట్టమైన పద్ధతి ఉండేది. జ్వరాలతో మనుషులు పోతుంటే మదురై అమెరికన్ మిషను వాళ్ళు 1845లో కొడైకెనాల్ కొండెక్కి బంగళాలు కట్టుకున్నారు. మన తెలుగు ప్రాంతపు మిషనరీలు కూడా ఎండాకాలం అక్కడికి పోయేవాళ్ళు. కొన్నేళ్ళకోసారి స్వదేశానికి సెలవు. గుంటూరు మిషను మొదలుపెట్టిన హేయర్ అయ్యగారు 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టేనాటికి 49 ఏళ్ళవాడు. ఆరోగ్యం చెడితే వెళ్ళిపోయాడు. వెళ్ళి, వైద్యం చదువుకుని, 1848లో తిరిగొచ్చాడు. పల్నాడులో, గురజాలలో పనిచేశాడు. 1857లో మళ్ళీ వెళ్ళాడు. 1869లో రాజమండ్రి మిషనుకు మనిషి కావాల్సొస్తే 76 ఏళ్ళ వయసులో మూడోసారి ఓడెక్కాడు. మొదటిసారి జబ్బుపడ్డప్పుడే పట్టుదలకు పోయి ఇక్కడే ఉండిపోయి ఉంటే గుంటూరులో ఒక సమాధిరాయి ఉండేది, మిగతా సేవ ఉండేది కాదు. వెళ్ళగలిగాడు కాబట్టి తిరిగి రాగలిగాడు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. కొండ వాళ్ళకు, ఎండ మనవాళ్ళకు. దొరలు కొడైకెనాల్ వెళితే గుంటూరు రోహిణి కార్తెలో ఊళ్ళు తిరిగింది మన ఉపదేశులే, మన బైబిల్ ఉమన్‌లే. వాళ్ళ విశ్రాంతి గురించి ఏ కమిటీ తీర్మానం చేసిందో నాకైతే కనపడలేదు. మా రోజులు బంగారమని నేను అంటే మా ఇంట్లో అమ్మగారు ఒప్పుకోదు. “మీకు కాలవ కట్ట మీద విశ్రాంతి, నాకెక్కడండీ? వచ్చినవాళ్ళందరికీ అన్నం వండింది ఎవరు?” అంటుంది. ఆమె అన్నది నిజం. కాబట్టి నాయనా, విశ్రాంతి అన్నప్పుడు నీ భార్యను కూడా లెక్కలో వేసుకో. నువ్వు ఫోను కట్టేసి ఆమె చేతికిచ్చి వాళ్ళకు నువ్వే జవాబు చెప్పు అంటే అది విశ్రాంతి కాదు, బరువు ఆమె నెత్తికెత్తడం.

ఫోనును ఇంతసేపూ తిట్టాను కదా, ఒక్కచోట నోరు మూసుకోవాలి. మన ఊరి ఆడపిల్లలు కువైట్‌లో ఇళ్ళల్లో పనికి పోయి, ఎవరితోనూ చెప్పుకోలేని బాధలో అర్ధరాత్రి “అయ్యగారూ, ఒక్క ప్రార్థన” అని పిలుస్తారు. మా రోజుల్లో ఆ పిల్ల ఉత్తరం రాస్తే అది చేరేసరికి నెల. 2020లో లాక్‌డౌన్‌కు గుడి తలుపులు మూసినప్పుడు, మరుసటి ఏడు రెండో విడతలో మనుషులు పిట్టల్లా రాలిపోయినప్పుడు, నువ్వు ఆ ఫోనులోనే సంఘాన్ని కూడగట్టావు. ఆసుపత్రిలో ఊపిరాడని మనిషికి ఫోనులోనే కీర్తన పాడావు. మేమైతే ఏం చేసేవాళ్ళమో! బహుశా అప్పుడు ఎత్తిన బరువే నువ్వు ఇంకా దించలేదు. లాక్‌డౌన్ అయిపోయింది, నీ లైవ్ అయిపోలేదు.

అలాగే మా రోజుల్లో అలిసిపోయినవాళ్ళు లేరనీ అనను. మాతోటి పాస్టరు ఒకాయన ప్రసంగం మధ్యలో ఆగిపోయాడు. పుస్తకం మూసి, పీఠం మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. శోధన అన్నారు కొందరు, రహస్య పాపం అన్నారు ఇంకొందరు. వాళ్ళ నోళ్ళు పడిపోను! ఆ పూట బైబిల్ ఉమన్ అమ్మగారు లేచి ఆరాధన ముగించింది. పెద్దలు ఆయన్ను బండి కట్టి అత్తారి ఊరికి పంపారు, వేసవంతా అక్కడే ఉంచారు, ఆ ఊళ్ళో ఆయన చేత ఎవరూ వాక్యం చెప్పించకూడదని కబురు కూడా పెట్టారు. ఆయన తిరిగొచ్చి రిటైరయ్యేదాకా పనిచేశాడు. మాకప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్న ఆలోచన లేదు, ఉండాల్సింది. నీకు ఆ దారి ఉంది. నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బతకడం దేనికని అనిపిస్తే, ఉపవాసం పెంచకు, డాక్టరు దగ్గరికి వెళ్ళు. ప్రభుత్వం వాళ్ళది టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. షుగరుకు మాత్ర వేసుకునే పాస్టరు దీనికి వేసుకుంటే విశ్వాసం పోదు.

ఏలీయా సంగతి నువ్వు ఎన్నిసార్లు ప్రసంగించావో. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన భాగం గొంతెత్తి చెబుతావు, దాని తర్వాతి అధ్యాయం గబగబా దాటేస్తావు. 1 రాజులు 19. అంత గెలుపు గెలిచినవాడు ఎడారిలో బదరీవృక్షం కింద పడి చావు కోరుకున్నాడు. దూత వచ్చి మందలించలేదు. లేపి రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకుంటే, పడుకోనిచ్చి, మళ్ళీ లేపి మళ్ళీ రొట్టె పెట్టాడు. ప్రయాణం సంగతి ఆ తర్వాతే. నేనొక్కణ్ణే మిగిలాను అని హోరేబు దాకా వెళ్ళి మొత్తుకుంటే, ఇంకా ఏడు వేల మంది ఉన్నారని దేవుడు చెప్పాడు, ఎలీషా అనే మనిషిని చూపించాడు. కూడు, నిద్ర, తోడు. అంత గొప్ప ప్రవక్తకే అవి కావాల్సి వచ్చాయి. గాలివానలో యేసు ప్రభువే పడవలో తలగడ మీద నిద్రపోయాడు. నువ్వు ఆయన కంటే మెలకువగా ఉండాలని ఎవరు చెప్పారు?

మా నాన్న రైతు. ఎండ ముదిరేసరికి అరక విప్పేసేవాడు, ఇంకో నాలుగు సాళ్ళు మిగిలినా సరే. మిగిలిన చేను రేపటికి ఉంటుంది, ఎద్దు పడిపోతే రేపు ఉండదు అనేవాడు. మాకు సోమవారం అలా అరక విప్పే రోజు. ఆదివారం బల్ల ఇచ్చి, మూడు ఊళ్ళు తిరిగి వచ్చినవాడు సోమవారం పొద్దెక్కేదాకా పడుకునేవాడు. పాదులకు నీళ్ళు పోసుకునేవాడు, సైకిలు చక్రాలకు నూనె వేసుకునేవాడు, పిల్లలతో చింతగింజలు ఆడేవాడు. ఎవరైనా వస్తే వరండాలోనే “చావా, పురుడా?” అని అడిగేది అమ్మగారు. రెండూ కాకపోతే మంగళవారం రమ్మనేది. సంఘం నొచ్చుకోలేదు, అలవాటు పడింది.

సంఘ పెద్దలూ, మీకు కూడా చెబుతున్నాను, తప్పించుకు పోకండి. మీ అయ్యగారికి పంపిన మెసేజికి నీలం గీతలు పడి జవాబు రాకపోతే ఆయన భోజనం చేస్తున్నాడనుకోండి. పరామర్శలకు మీరు వెళ్ళండి, వెళ్ళి పది నిమిషాలు కూర్చుని ప్రార్థన చేసి రండి, దానికి అభిషేకం అక్కర్లేదు. లెక్కల పుస్తకం మీలో బ్యాంకు ఉద్యోగం చేసేవాడికి అప్పగించండి. ఏడాదికోసారి అయ్యగారినీ అమ్మగారినీ పిల్లల్నీ కొన్నాళ్ళు ఊరికి పంపండి, టిక్కెట్టు మీరే కొనండి, అక్కడ కూటాలు పెట్టకండి.

నాయనా, నీకు చెప్పాల్సింది ఇంతే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల్ని కూర్చోబెట్టి పనులు పంచు. సోమవారం ఫోను కట్టేసి బీరువాలో పెట్టు. నెలకొక ఆదివారం పీఠం నాలాంటి రిటైరైనవాళ్ళకు ఇచ్చి, నువ్వు నీ భార్య పక్కన, పిల్లల మధ్య కూర్చుని వాక్యం విను. నాకు గొంతు ఇంకా ఉంది, కెమెరా వద్దు, బస్సు చార్జీలు కూడా అక్కర్లేదు. ఏ ఆదివారం రావాలో చెప్పు.